డొమైన్ కొనే చోటు, అమ్మే చోటు ఒకటి కానక్కర్లేదు: రిజిస్ట్రార్లు, రీసేల్ మార్కెట్లపై సమీక్ష

డాట్ కామ్ డొమైన్, అంటే .com తో ముగిసే వెబ్‌సైటు పేరు, ఎవరి దగ్గర కొన్నా సరుకు ఒక్కటే. ఆ పేర్ల పట్టిక వెరిసైన్ అనే అమెరికా సంస్థ దగ్గర ఉంటుంది (ఇలా పట్టిక నడిపే సంస్థను రిజిస్ట్రీ అంటారు). మనకు పేరు అమ్మే రిజిస్ట్రార్ చేసేదల్లా మన తరఫున అందులో ఒక వరుస రాయించడం, ఏటా దాన్ని కొనసాగించడం. రిజిస్ట్రార్లందరి దగ్గరా వెరిసైన్ వసూలు చేసే టోకు ధర కూడా ఒక్కటే: 2024 సెప్టెంబర్ 1 నుంచి ఏడాదికి 10.26 డాలర్లు. దాని మీద, డొమైన్ల వ్యవస్థను చూసుకునే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ (ICANN) రుసుము ఉంటుంది. అది 2025 జూలై నుంచి 20 సెంట్లు, అంతకుముందు 18. రెండూ కలిపితే 10.46 డాలర్లు. అంతకన్నా తక్కువకు ఎవరైనా అమ్ముతున్నారంటే మొదటి ఏడాది నష్టానికి అమ్ముతున్నారని అర్థం. ఆ లోటును రెండో ఏడాది రెన్యువల్‌లోనో, హోస్టింగ్, ఈమెయిల్ లాంటి కొసర్లలోనో రాబట్టుకుంటారు.

అందుకే ఈ సమీక్షలో మొదటి ఏడాది ఆఫర్లకు మార్కులు లేవు. రెన్యువల్ ఎంత, పేరును బయటికి తీసుకెళ్లడం ఎంత తేలిక, నేమ్‌సర్వర్లు (ఆ పేరు సైటు ఎక్కడుందో అడిగినవారికి చెప్పే సర్వర్లు) మన ఇష్టప్రకారం మార్చుకోవచ్చా, గడువు దాటాక పేరు ఎవరి చేతికి పోతుంది అన్న నాలుగింటిని బట్టే చూశాం. సైటు నడపడానికి ఒక పేరు కొనేవారికి, అమ్మకం కోసం వంద పేర్లు పెట్టుకునేవారికి వీటి జవాబులు వేరువేరుగా వస్తాయి. మొదటివారికి మేలైన చోటు రెండోవారికి ఖరీదైన చోటు కావచ్చు.

సొంత సైటు కోసం కొనేవారికి

క్లౌడ్‌ఫ్లేర్ రిజిస్ట్రార్ 2018లో వచ్చినప్పటి నుంచి ఒకే మాట మీద ఉంది: టోకు ధర, ఐకాన్ రుసుము, అంతే. కొన్నప్పుడూ రెన్యువల్‌కూ అదే ధర. యజమాని వివరాలు దాచడానికి విడిగా డబ్బు తీసుకోదు. డీఎన్‌ఎస్ (పేరును సర్వర్ చిరునామాగా మార్చే వ్యవస్థ) జవాబులు నకిలీవి కాకుండా సంతకంతో కాపాడే డీఎన్‌ఎస్‌సెక్ ఒక్క క్లిక్‌తో ఆన్ అవుతుంది. సైటు ఎలాగూ క్లౌడ్‌ఫ్లేర్ మీదే నడుస్తుంటే ఇంతకన్నా మంచి బేరం దొరకదు. మెలిక ఒక్కటే, కానీ పెద్దది. పేరు అక్కడ ఉన్నంతకాలం నేమ్‌సర్వర్లు కూడా వాళ్లవే ఉండాలి. మామూలు ప్లాన్‌లో వేరే చోటి నేమ్‌సర్వర్లు పెట్టనివ్వరు. డీఎన్‌ఎస్‌ను ఇంకొకరికి అప్పగించాలనుకున్న రోజున రిజిస్ట్రార్‌ను కూడా మార్చుకోవాల్సిందే.

పోర్క్‌బన్ ధర టోకు కంటే కొద్దిగానే ఎక్కువ, డాట్ కామ్‌కు పదకొండు డాలర్ల చుట్టూ. ఆ కాస్త తేడాకు నేమ్‌సర్వర్లను ఎటైనా తిప్పుకునే స్వేచ్ఛ, ఉచిత ప్రైవసీ (యజమాని వివరాలు దాచడం), ఏపీఐ (ప్రోగ్రాముతో మార్పులు చేసుకునే దారి) వస్తాయి. కొనే ధర పక్కనే రెన్యువల్ ధర కూడా చూపించడం దీనిలో నాకు బాగా నచ్చిన సంగతి. చాలా చోట్ల ఆ అంకె కోసం రెండు పేజీలు లోపలికి వెళ్లాలి. సైటు నడిపేవారిలో ఎక్కువమందికి నా సలహా ఇదే.

నేమ్‌చీప్ ప్రైవసీని ఉచితంగానే ఇస్తుంది. అయితే తొలి ఏడాది ధరకూ రెన్యువల్ ధరకూ మధ్య దూరం ఎక్కువ. కొన్న రోజే క్యాలెండర్‌లో పదకొండో నెలకు ఒక గుర్తు పెట్టుకుని, అప్పుడు ధర పోల్చుకోవడం మంచిది. గోడాడీలో డాట్ కామ్ రెన్యువల్ మామూలు ఖాతాకు ఇరవై డాలర్లు దాటుతుంది, అంటే టోకు ధరకు రెట్టింపు. ఒక్క సైటు ఉన్నవాళ్లకు అందులో కనబడే లాభం ఏదీ లేదు. పైగా 2024లో గోడాడీ తన డీఎన్‌ఎస్ ఏపీఐని పది, అంతకు మించి డొమైన్లున్న ఖాతాలకో, పైస్థాయి డిస్కౌంట్ క్లబ్ సభ్యులకో పరిమితం చేసింది. ఒకటి రెండు పేర్లు పెట్టుకుని, డీఎన్‌ఎస్ ద్వారా సైటు భద్రతా (https) సర్టిఫికెట్లు ఆటోమేటిక్‌గా తెచ్చుకుంటున్నవారి స్క్రిప్టులు దాంతో ఆగిపోయాయి. సర్టిఫికెట్ గరిష్ఠ గడువు 2029 మార్చి నాటికి 47 రోజులకు కుదించాలని బ్రౌజర్లు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి నిర్ణయించాయి. చేత్తో చేసుకునే రోజులు పోతున్నాయి కాబట్టి ఏపీఐ అందుబాటును కూడా ధరతో సమానంగా చూడాలి.

రిజిస్ట్రార్ మన ప్రమేయం లేకుండా మారే సందర్భాలూ ఉన్నాయి. గూగుల్ తన డొమైన్ల వ్యాపారాన్ని 2023లో స్క్వేర్‌స్పేస్‌కు అమ్మేసింది. దాదాపు కోటి పేర్లు చేతులు మారాయి. 2024 జూలైలో అలా మారిన కొన్ని క్రిప్టో సంస్థల డొమైన్లు దొంగల చేతికి చిక్కాయి. పాత చోట పెట్టుకున్న రెండంచెల లాగిన్ కొత్త చోటికి దానంతటదే వస్తుందని అనుకోకూడదు. ఇలాంటి మార్పు జరిగిన రోజే కొత్త ఖాతాలోకి వెళ్లి రెండంచెల రక్షణ పెట్టుకోవాలి. ఖాతాలో ఇంకెవరి పేర్లకైనా అనుమతులు మిగిలి ఉంటే తీసేయాలి.

ధర గురించి ఇంకొక్క మాట. డాట్ కామ్ టోకు ధర చాలాకాలం 7.85 డాలర్లు ఉండేది. 2021 నుంచి 2024 దాకా ఏటా 7 శాతం చొప్పున నాలుగుసార్లు పెరిగింది. అమెరికా వాణిజ్య శాఖతో 2018లో కుదిరిన ఒప్పంద సవరణ ప్రకారం ప్రతి ఆరేళ్లలో చివరి నాలుగేళ్లు వెరిసైన్ ఇలా పెంచుకోవచ్చు. కొత్త ఆరేళ్లు 2024 అక్టోబర్‌లో మొదలయ్యాయి కాబట్టి, మళ్లీ పెంచే వీలు 2026 అక్టోబర్ చివర నుంచి. పెంచే ముందు ఆరు నెలల నోటీసు ఇవ్వాలి. నోటీసు వచ్చాక కూడా పాత ధరకే ముందుగా రెన్యూ చేసుకోవచ్చు, మొత్తం గడువు పదేళ్లు మించకుండా. వదులుకోకూడని పేరు ఉన్నవారికి ఆ ఆరు నెలలే అదను.

ఇతర ఎక్స్‌టెన్షన్లలో (పేరు చివర చుక్క తర్వాత వచ్చే భాగాలు) ఈ భరోసా లేదు. కొత్త జనరిక్ (ఏ దేశానికీ చెందని) ఎక్స్‌టెన్షన్లలో చాలావాటికి ధర పరిమితి లేదు. డాట్ ఆర్గ్‌కు ఉన్న పరిమితిని కూడా 2019లో తీసేశారు. "ప్రీమియం" అని గుర్తు ఉన్న పేరు కొనేముందు ఆ ప్రీమియం ఒక్కసారి కట్టేదా, ఏటా కట్టేదా అన్నది తప్పక చూడండి. ఏటా అయితే ఆ పేరును తిరిగి అమ్మడం దాదాపు అయ్యే పని కాదు, కొనేవాడూ ఏటా అంతే కట్టాలి కదా. డాట్ ఏఐ కనీసం రెండేళ్లకు తీసుకోవాలి, డాట్ కామ్‌కన్నా ఎన్నో రెట్లు ఖరీదు. అది అంగ్విల్లా అనే చిన్న ద్వీపానికి చెందిన దేశపు కోడ్. దేశపు కోడ్‌ల నియమాలు ఆ దేశం చేతిలోనే ఉంటాయి, డాట్ కామ్ రక్షణలు వాటికి వర్తిస్తాయని అనుకోవద్దు.

అమ్మేవారి లెక్క వేరు

వంద పేర్లు పెట్టుకుంటే ఏడాదికి ఒకటి రెండు అమ్ముడవడం ఈ వ్యాపారంలో మామూలు లెక్క. మిగతా తొంభై ఎనిమిది రెన్యువల్ తింటూ కూర్చుంటాయి. కాబట్టి చవకైన రిజిస్ట్రార్‌లో పెట్టేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క వేస్తే వేరే సంగతి తేలుతుంది.

డొమైన్లు తిరిగి అమ్మిపెట్టే మార్కెట్ ఆఫ్టర్‌నిక్ నేడు రీసేల్‌లో అన్నిటికన్నా పెద్ద వల. గోడాడీ 2013లో దాన్ని కొన్నది. అక్కడ ధర పెట్టిన పేరు చాలా రిజిస్ట్రార్ల సెర్చ్ ఫలితాల్లో "ఇంత ధరకు దొరుకుతుంది" అని కనబడుతుంది. కొనేవాడు డొమైన్ మార్కెట్ అనే మాటే వినకపోయినా మన పేరు అతని కంటపడుతుంది. 2024 నుంచి దాని కమీషన్‌లో ఒక షరతు ఉంది: పేరు వాళ్ల నేమ్‌సర్వర్ల మీద ఉంటే 15 శాతం, లేకపోతే 25 శాతం.

ఇప్పుడు పోల్చండి. వంద డాట్ కామ్‌లు క్లౌడ్‌ఫ్లేర్‌లో ఉంటే ఏడాదికి 1,046 డాలర్లు. పేరుకు 13 డాలర్లు తీసుకునే రిజిస్ట్రార్‌లో 1,300. ఆదా 254. కానీ క్లౌడ్‌ఫ్లేర్‌లో నేమ్‌సర్వర్లు మార్చలేం కాబట్టి 25 శాతం కమీషన్ పడుతుంది. 2,500 డాలర్లకు ఒక్క పేరు అమ్ముడైతే కమీషన్ 375కు బదులు 625. తేడా 250. ఒక్క అమ్మకంతో ఏడాది ఆదా దాదాపు అంతా హరించుకుపోయింది. రెండోది అమ్ముడైతే నష్టమే. క్లౌడ్‌ఫ్లేర్ వాడుకకు చక్కని చోటు. అమ్మకపు సరుకు పెట్టడానికి మాత్రం కాదు.

అమ్మకం కోసం పెట్టే రిజిస్ట్రార్‌లో చూడాల్సిన రెండో సంగతి ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్. రిజిస్ట్రార్ ఆఫ్టర్‌నిక్‌తో కలిసి పనిచేస్తుంటే, కొనేవాడు డబ్బు కట్టగానే పేరు దానంతటదే వెళ్లిపోతుంది. రిజిస్ట్రార్లలో చాలామంది ఇలాంటి పేర్లను మాత్రమే తమ సెర్చ్‌లో చూపిస్తారు. దీనికి ఆఫ్టర్‌నిక్‌లో ధర పెట్టడంతో పని అయిపోదు. రిజిస్ట్రార్ వైపు నుంచి కూడా ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు మెయిల్ స్పామ్‌లో పడి, నెలల తరబడి సగం పూర్తయిన స్థితిలో ఉండిపోయే లిస్టింగులు చాలానే ఉంటాయి. లిస్టింగ్ పేజీలో ప్రతి పేరు పక్కన ఫాస్ట్ ట్రాన్స్‌ఫర్ గుర్తు వచ్చిందో లేదో నెలకోసారి చూడాలి.

ఈ వేగానికి ఇంకో కోణం ఉంది. ధరలో ఒక సున్నా తక్కువ పడితే పేరు నిమిషాల్లో చేజారుతుంది, వెనక్కి రాదు. స్ప్రెడ్‌షీట్ నుంచి ధరలు ఎక్కించేటప్పుడు ఎక్కించాక మళ్లీ దించుకుని పోల్చిచూడటం అలవాటు చేసుకోవాలి. రెండు మార్కెట్లలో వేరువేరు ధరలు పెట్టడం కూడా ప్రమాదమే. ఒకచోట అమ్ముడైన గంటలోనే ఇంకోచోట కూడా ఎవరో కొంటే, రెండోవాడికి సమాధానం చెప్పుకోవాలి. అమ్మిన పేరును, వదిలేసిన పేరును అదే రోజు అన్నిచోట్లా తీసేయాలి.

జర్మనీకి చెందిన సెడో పాత చోటు, యూరప్ కొనుగోలుదారులు ఎక్కువ. అక్కడ పెట్టే ఆఫర్ చట్టప్రకారం కట్టుబడాల్సిందే అన్న నియమం బేరంలో గంభీరత తెస్తుంది. భాగస్వామి రిజిస్ట్రార్ల ద్వారా అమ్ముడైతే కమీషన్ 20 శాతం. సొమ్ము చేతికి రావడంలో మాత్రం ఆఫ్టర్‌నిక్ కంటే నెమ్మది. నేమ్‌చీప్ వాళ్లదే అయిన స్పేస్‌షిప్ రిజిస్ట్రార్‌లోని సెల్లర్‌హబ్ 5 శాతమే తీసుకుంటుంది. అయితే అది ప్రధానంగా మన ల్యాండింగ్ పేజీకి (పేరు తెరిస్తే అమ్మకానికి ఉందని చూపే పేజీ) వచ్చిన కొనుగోలుదారుకు అమ్మిపెట్టే పనిముట్టు, ఆఫ్టర్‌నిక్ అంత పెద్ద వలేసి కొనేవాడిని పట్టుకొచ్చే చోటు కాదు. పేరును నేరుగా బ్రౌజర్‌లో టైప్ చేసి వచ్చేవారు ఎక్కువ ఉన్న మంచి పదాలకు అది లాభం. రెండు మూడు పదాలు కలిపిన పేర్లు సాధారణంగా సెర్చ్‌లో కనబడి అమ్ముడవుతాయి కాబట్టి వాటికి ఆఫ్టర్‌నిక్‌కు 15 శాతం ఇవ్వడమే మేలు.

ఈ రంగంలో నిజంగా లోటు అనిపించేది డాన్. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన ఈ మార్కెట్ శుభ్రమైన ల్యాండింగ్ పేజీని, నెలవారీ వాయిదాల మీద కొనే పద్ధతిని అందరికీ అలవాటు చేసింది. గోడాడీ 2022లో కొని, తర్వాత మూసి, ఆఫ్టర్‌నిక్‌లో కలిపేసింది. వాయిదాల పద్ధతి మిగిలింది కానీ, తక్కువ కమీషన్‌తో గట్టి పోటీ ఇచ్చే ఒక చోటు పోయింది. నేమ్‌సర్వర్ల షరతు మీద 25 శాతం అడగగలుగుతున్నారంటే దానికి ఒక కారణం ఇదే.

పార్కింగ్ ప్రకటనల (సైటు లేని పేరు తెరిస్తే కనబడేవి) ఆదాయాన్ని రెన్యువల్ ఖర్చులోంచి తీసేసి లెక్కవేసే పాత పద్ధతిని ఇక వదిలేయాలి. 2025లో గూగుల్ ప్రకటనకర్తల ఖాతాలన్నిటినీ పార్క్ చేసిన డొమైన్ల నుంచి డిఫాల్ట్‌గా బయటికి తీసింది. ఆదాయం పడిపోయింది. ల్యాండింగ్ పేజీలో ప్రకటన కన్నా ధర కనబడటమే మంచిది.

నేమ్‌సర్వర్లను మార్కెట్‌కు తిప్పేముందు ఒక్కటి చూసుకోండి: ఆ పేరు మీద మెయిల్ నడుస్తోందా? నేమ్‌సర్వర్లు మారిన క్షణం మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే పాత ఎంఎక్స్ రికార్డులు పోతాయి. మీ రిజిస్ట్రార్ ఖాతా మెయిల్ ఆ డొమైన్ మీదే ఉంటే మీ ఖాతా తాళం మీరే పారేసుకున్నట్టు. గడువు దాటినప్పుడూ ఇదే చిక్కు. డీఎన్‌ఎస్ ఆపేశాక రెన్యువల్ హెచ్చరికలు అదే డొమైన్ మెయిల్‌కు వెళ్లి ఎక్కడికీ చేరవు. సంప్రదింపు మెయిల్ ఎప్పుడూ వేరే డొమైన్ మీద ఉండాలి.

గడువు దాటాక, వేలంలో

ఐకాన్ నియమం ప్రకారం రిజిస్ట్రార్ గడువుకు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటిన ఐదు రోజుల్లోగా మరొకసారి గుర్తుచేయాలి. ఆ తర్వాత 45 రోజుల వరకు మామూలు ధరకు రెన్యూ చేయించవచ్చని చాలామంది నమ్మకం. నిజానికి ఆ 45 రోజులు రిజిస్ట్రీ రిజిస్ట్రార్‌కు ఇచ్చేవి. అందులో మనకు ఎన్ని ఇవ్వాలో రిజిస్ట్రార్ ఇష్టం. చాలామంది నెల తిరక్కుండానే పేరును వేలానికి పెడతారు. రిజిస్ట్రార్ పేరును డిలీట్ చేస్తే 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే గడువు) మొదలవుతుంది. అప్పుడు తిరిగి తెచ్చుకోవడానికి వెరిసైన్ టోకుగా 40 డాలర్లు తీసుకుంటుంది, రిజిస్ట్రార్లు దానికి రెట్టింపో ఇంకా ఎక్కువో అడుగుతారు. ఆ తర్వాతి ఐదు రోజులు పెండింగ్ డిలీట్. ఆ దశలో యజమాని కూడా ఏమీ చేయలేడు.

వేలంలో కొనేవారు గుర్తుంచుకోవాల్సింది: గడువు దాటిన పేరు వేలంలో గెలిచినంత మాత్రాన మీది అయిపోదు. పాత యజమాని మిగిలిన రోజుల్లో రెన్యూ చేస్తే పేరు అతనిదే, మీ డబ్బు వెనక్కి వస్తుంది. అందుకని పేరు ఖాతాలో పడేదాకా లోగోలు చేయించవద్దు. పూర్తిగా డిలీటై రాలే పేర్లకు డ్రాప్‌క్యాచ్ లాంటి సేవలు ఉన్నాయి. పదుల, వందల రిజిస్ట్రార్ లైసెన్సులతో ఒకేసారి వెరిసైన్‌ను అడగడమే వాటి బలం. సొంత స్క్రిప్టుతో వాటితో పోటీ పడాలనుకోవడం వృథా ప్రయాస. పేరు దొరక్కపోతే డ్రాప్‌క్యాచ్ డబ్బు తీసుకోదు. ఒకరికన్నా ఎక్కువమంది అడిగి ఉంటే మూడు రోజుల బహిరంగ వేలం. ఈ దారిలో వచ్చే పేరుకు కొత్త నమోదు తేదీ పడుతుంది. రిజిస్ట్రార్ వేలంలో కొన్నదానికి పాత తేదీ నిలుస్తుంది. వయసు చూసి ధర కట్టేవారికి ఈ తేడా ముఖ్యం.

ఏ దారిన కొన్నా ముందు పేరు చరిత్ర చూడాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత పేజీలు, స్పామ్‌హాస్ జాబితా (స్పామ్‌తో ముడిపడ్డ పేర్లు), గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ (ప్రమాదకర సైట్ల జాబితా), ట్రేడ్‌మార్క్ డేటాబేసులు. చివరిదాన్ని చాలామంది దాటేస్తారు. పేరు ఎవరి మార్కునైనా పోలి, దాని మీద మీకు న్యాయమైన హక్కు లేక, దుర్బుద్ధితో కొని వాడినట్టు తేలితే యూడీఆర్‌పీ (డొమైన్ వివాదాలు తేల్చే ఐకాన్ పద్ధతి) ఫిర్యాదుతో పోతుంది, పరిహారం ఉండదు. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ దగ్గర ఒకే న్యాయనిర్ణేతతో, ఐదు పేర్ల వరకు, ఫిర్యాదు రుసుము 1,500 డాలర్లే. మీరు 5,000 అడుగుతుంటే మార్కు ఉన్న సంస్థ ఏ దారి ఎంచుకుంటుందో ఊహించడం కష్టం కాదు.

మార్చేటప్పుడు జరిగే పొరపాట్లు

నమోదైన 60 రోజుల్లోపు, లేదా గత బదిలీ జరిగిన 60 రోజుల్లోపు రిజిస్ట్రార్ మార్చడం సాధారణంగా కుదరదు. యజమాని పేరు మారిస్తే కూడా 60 రోజుల బదిలీ తాళం పడవచ్చు. మార్చేముందే వద్దని టిక్ పెట్టే వీలు కొన్నిచోట్ల ఉంటుంది, తర్వాత ఉండదు. అందుకే ముందు రిజిస్ట్రార్, తర్వాత వివరాలు.

డీఎన్‌ఎస్‌సెక్ ఆన్‌లో ఉంటే వరుస తప్పనే కూడదు. మొదట పాత చోట డీఎస్ రికార్డు (డీఎన్‌ఎస్‌సెక్ సంతకాన్ని సరిపోల్చే గుర్తు) తీసేయండి. డాట్ కామ్‌లో దాని టీటీఎల్ (పాత కాపీ ఇతర సర్వర్లలో నిలిచే సమయం) ఒక రోజు. ఆ రోజు గడిచాకే నేమ్‌సర్వర్లు మార్చండి. పాత డీఎస్ ఉండగా కొత్త నేమ్‌సర్వర్లు పెడితే సంతకం సరిచూసే రిజాల్వర్లన్నిటిలో (మన తరఫున పేరు వెతికిపెట్టే సర్వర్లు) సైటు సర్వ్‌ఫెయిల్ అవుతుంది, అంటే జవాబు రాదు. కొందరికి తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు, కారణం వెతకడానికే ఒక రోజు పోతుంది. నేమ్‌సర్వర్లు స్థిరపడ్డాక బదిలీ తాళం తీసి, పాత రిజిస్ట్రార్ దగ్గర బదిలీ కోడ్ తీసుకుని, కొత్త చోట డబ్బు కట్టాలి. పాత రిజిస్ట్రార్ అడ్డు చెప్పకపోతే ఐదు రోజుల్లో బదిలీ దానంతటదే పూర్తవుతుంది. ఖాతాలోకి వెళ్లి ఒప్పుకునే బటన్ ఉంటే నిమిషాల్లోనే అవుతుంది.

గడువు దాటాక పాత చోట రెన్యూ చేసి, వెంటనే బదిలీ చేయడం డబ్బు వదిలించుకునే పని. 45 రోజుల్లోపు బదిలీ అయితే ఆ రెన్యువల్ ఏడాది రద్దై, బదిలీతో వచ్చే ఒక్క ఏడాదే మిగులుతుంది. పాత రిజిస్ట్రార్ ఆ డబ్బు వెనక్కి ఇస్తాడన్న హామీ లేదు. గడువుకు నెల ముందే బదిలీ చేస్తే మిగిలిన రోజులు పోకుండా పైన ఏడాది కలుస్తుంది.

బదిలీ తర్వాత ఐకాన్ లుకప్‌లో పేరు పెట్టి చూడండి. 2025 జనవరి 28 నుంచి, పేరు నమోదు వివరాలు చూపే పాత సేవ హూయిజ్ నడపాల్సిన అవసరం రిజిస్ట్రార్లకు పోయింది, దాని స్థానంలో ఆర్‌డాప్ వచ్చింది. పాత హూయిజ్ సైట్లు చూపేది పాత సమాచారమై ఉండవచ్చు. స్టేటస్ వరుసలో "క్లయింట్ హోల్డ్" కనబడి సైటు తెరుచుకోకపోతే ముందు మెయిల్ చూడండి. సంప్రదింపు మెయిల్‌ను 15 రోజుల్లో ధ్రువీకరించకపోతే రిజిస్ట్రార్ పేరును ఆపేస్తాడు. ఆ లింకు నొక్కాక సాధారణంగా కొన్ని గంటల్లో పేరు తిరిగి పనిచేస్తుంది. "క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్" కనబడకపోతే మాత్రం తాళం తీసే ఉందని అర్థం. అప్పటికప్పుడు వేసేయండి.